ఇద్దరూ ఒప్పుకుంటేనే

ఋతుజ మామగారి షెడ్డులో పనికి చేరిన మొదటి వారంలోనే తుషార్ ఆమె కుర్చీని ఎత్తి బయట వసారాలో పడేశాడు. సర్వర్ల గది చిన్నది, ఏసీ ఇద్దరికి చాలదు అన్నాడు. ఆమె కుర్చీ తెచ్చి మళ్ళీ అదే చోట వేసింది. మధ్యాహ్నానికి అది మళ్ళీ వసారాలో ఉంది. ఆ తర్వాత ఆమె జనరేటర్ పక్కనున్న బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, డీజిల్ వాసన పీలుస్తూ పనిచేసింది గానీ మామగారి దగ్గరికి పోయి చెప్పుకోలేదు. చెప్పుకుంటే తుషార్ గెలిచినట్టే అనుకుంది.

తుషార్ ఆమెకు మరిది. ఇద్దరూ ఉండేది భవాని పేట్‌లో ఒకే ఇంట్లో. ఆమె భర్త మహేశ్ టవళ్ళ వ్యాపారం మీద నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతుంటాడు. మామ సిద్ధరాములుకు కుంఠా నాకా దగ్గర షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో పవర్‌లూమ్‌లు ఆడేవి. అవి తుక్కుకు పోయాక, చిన్న కొడుకు మాట విని ఆయన అక్కడ ఇనుప ర్యాకులు నిలబెట్టాడు. ర్యాకుల్లో కొన్ని పెద్ద యంత్రాలు. పెద్ద ఇంటిని గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చినట్టు, ఒక్కో యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో పదుల కొద్దీ సర్వర్లుగా విడగొట్టారు. వర్చువల్ సర్వర్లు అంటారు వాటిని. చేత్తో తాకడానికి ఉండవు. అయినా ఒక్కోదాని మీద ఎవరో ఒకరి పని నడుస్తూ ఉంటుంది: టవళ్ళ దుకాణాల బిల్లులు, ఒక కాలేజీ పరీక్షలు, రెండు మూడు నర్సింగ్ హోములు, కొంతం చౌక్ వైపు ఉన్న ఒక రక్తనిధి.

అదంతా నిలబెట్టినవాడు తుషారే. ఎవరు ఏమడిగితే అది, ఆ సర్వర్‌లోకి దూరి, అప్పటికప్పుడు చేత్తో మార్చిపెట్టేవాడు. ఒకదాని గడియారం వేరు, ఇంకోదాని భద్రతా సెట్టింగులు వేరు, మరోదానిలో ఎప్పుడో ఎవరికోసమో తెరిచిన దారి ఇప్పటికీ తెరిచే ఉంది. ఒకే అచ్చులో పుట్టిన సర్వర్లు ఏడాది తిరిగేసరికి ఒకదానికొకటి పోలిక లేకుండా పోయాయి. ఏది ఎందుకలా ఉందో తుషార్‌కు తప్ప ఎవరికీ తెలియదు. షెడ్డులో అతని పెత్తనమంతా ఆ తెలియకపోవడం మీదే నిలబడింది. కిందటేడు అతనికి కామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు ఒక నర్సింగ్ హోమ్ సర్వర్ ఆగిపోయింది. కళ్ళు తెరవలేని కొడుకు చెవి దగ్గర ఫోను పెట్టి, ఏం చెయ్యాలో వాళ్ళకు చెప్పమని సిద్ధరాములు బతిమాలుకోవలసి వచ్చింది. ఆ బెదురుతోనే ఆయన కోడల్ని షెడ్డుకు పిలిచాడు. పెళ్ళికి ముందు ఆమె పుణెలో చేసింది ఈ పనే.

"అన్నీ ఒక్క తీరుగ ఉండాలె బిడ్డా," అన్నాడాయన, కొడుకు ముందే. "రేపు తుషార్ లేకున్నా, నువ్వు లేకున్నా, నడవాలె."

'తుషార్ లేకున్నా' అన్న దగ్గరే తుషార్ లేచి వెళ్ళిపోయాడు. మిగతా సగం వినలేదు.

ఋతుజ చెయ్యబోయే పని చెప్పుకోవడానికి తేలికే. ఏ సర్వర్ ఎలా ఉండాలో అంతా ఒకే చోట రాసిపెట్టాలి. ఒక ప్రోగ్రాం గంటకోసారి సర్వర్లన్నిటినీ చుట్టివస్తుంది. రాసినదానికీ ఉన్నదానికీ తేడా కనిపిస్తే, ఎవరినీ అడగకుండా, రాసినట్టుగా మార్చేస్తుంది. పుణెలో వందల సర్వర్లను అలాగే నడిపేవాళ్ళు. కానీ రాయాలంటే ముందు తెలియాలి: ఉన్న తేడాల్లో పొరపాటున వచ్చినవేవి, కావాలని పెట్టినవేవి.

"నీకు తెలిసినయి చెప్పు తుషార్, నేను రాస్కుంట," అని అడిగింది.

"అన్నీ నా తలకాయల ఉన్నయి. కోసి చూస్కో."

"కోస్తే మాత్రం ఏం దొర్కుతది? ఖాళీ ఉంటది."

ఆ మాట అనకుండా ఉండవలసిందని ఆమెకు ఆ క్షణమే తెలుసు. కానీ కుర్చీ సంగతి, డీజిల్ వాసన, ఇంట్లో తను వండిన కూరను అతను చెంచాతో పక్కకు నెట్టే తీరు, అన్నీ గొంతులోకి వచ్చి ఉన్నాయి. అనేసింది. ఆ తర్వాత అతను ఆమెతో ఒక్క సర్వర్ గురించి కూడా మాట్లాడలేదు.

ఆమె మొదట ప్రోగ్రాంను చూడడానికి మాత్రమే తిప్పింది. అది దేన్నీ మార్చదు, తేడా ఉన్నచోట ఎర్రగీత చూపిస్తుంది. స్క్రీన్ నిండా ఎరుపే. కొన్నిటిని ఆమె స్వయంగా ఖాతాదారులను అడిగి తేల్చుకుంది. మిగిలినవాటి కోసం ఒక సాయంత్రం మామగారిని కూర్చోబెట్టి, తుషార్‌ను పిలిచి, స్క్రీన్ అతని వైపు తిప్పింది.

"ఇందుల కావాలని పెట్టినయి ఏమన్న ఉన్నయా? మామయ్య ముంగటనే అడుగుతున్న."

తుషార్ నిలబడే చూశాడు. అతని చూపు కిందికి జారుతూ రక్తనిధి వరుస దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆమె అది గమనించింది.

"ఏం లేవు," అన్నాడు. "పెట్టుకో నీ ప్రోగ్రాం."

రక్తనిధి సర్వర్ ఒక్కదానిలోనే, ఇప్పుడెవరూ వాడని పాత భద్రతా పద్ధతి ఒకటి తెరిచి ఉంది. అలాంటిది పొరపాటున తెరుచుకోదు. ఆ సంగతి ఋతుజకు తెలుసు. రక్తనిధి వాళ్ళ ఫోన్ నంబరు కూడా ఆమె దగ్గర ఉంది. కానీ, సొంత మరిది చెప్పని విషయాన్ని బయటివాళ్ళను అడిగి తెలుసుకోవాలంటే ఆమెకు తల కొట్టేసినట్టనిపించింది. మామయ్య ముందు లేదన్నాడు కదా, ఇంక ఆ మాట అతని మెడకే అనుకుంది. ఆదివారం మధ్యాహ్నం దుకాణాలు మూసి ఉన్న వేళ, చూడడం ఆపి మార్చమని ప్రోగ్రాంకు చెప్పింది. సాయంత్రానికి స్క్రీన్ అంతా ఆకుపచ్చగా ఉంది.

సోమవారం నుంచి షెడ్డులో యుద్ధం. ఒక టవళ్ళ వ్యాపారి అడిగాడని తుషార్ అతని సర్వర్‌లో ఏదో మార్చాడు. గంట తిరగకుండా ప్రోగ్రాం దాన్ని తీసేసింది. మళ్ళీ మార్చాడు. మళ్ళీ తీసేసింది. మూడోసారి అతను గదిలోంచి వచ్చి బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"ఏంది వదినె, నా చెయ్యి మీదనే కొడ్తున్నవ్?"

"నేను కొడ్తలే. ఏం గావాల్నో రాసి పంపు, రాసిపెట్టినదాంట్ల కలుపుత. అప్పుడు ఎవ్వరు తీయరు."

"నా సర్వర్ల నేను మార్చెటందుకు నీకు అర్జీ పెట్టుకోవాల్నా?"

"నీ సర్వర్లు గావు. మామయ్యయి."

"నువ్వొచ్చి ఎన్ని రోజులైంది ఈ షెడ్డుకు? అప్పుడే ఎవలయి ఏందో చెప్తున్నవా?"

ఆమె తల ఎత్తకుండా టైప్ చేసుకుంటూ పోయింది. అతను పోతూ పోతూ జనరేటర్ డొక్కలో కాలితో ఒక్కటి తన్నాడు.

ఆ పగ ఇంటికి కూడా వచ్చింది. ఋతుజ జొన్నరొట్టె వేస్తే తుషార్ కంచం వెనక్కి జరుపుకునేవాడు. "అమ్మా, నువ్వెయ్యి" అనేవాడు. అత్త యమునాబాయి చేస్తున్న పని వదిలి వచ్చి వడ్డించేది. మూడు పూటలు చూసి, నాలుగో పూట కోడలి మీద విరుచుకుపడింది.

"పోరడు ఇంట్ల సరిగ తింటలేడు. మీ కంప్యూటర్లల ఏమున్నదో గని నా ఇల్లు ఆగమైతున్నది."

"ఆకలైతే తింటడు అత్తమ్మా. నేను విషం పెడ్తలేను గద."

యమునాబాయి చేతిలో గరిటె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఋతుజ భర్తకు ఫోన్ చేసింది. మహేశ్ అంతా విని, "ఇద్దరూ పెద్దోళ్ళే, చూస్కోండ్రి" అన్నాడు. అతనికి సరిగ్గా ఇలాంటప్పుడే ఎవరో గిరాకీ వస్తాడు. ఫోన్ పెట్టేశాడు.

గురువారం పొద్దున షెడ్డు ముందు స్కూటర్ ఆగింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది సాక్షి. రక్తనిధి మేనేజరు ఆమె. ఎవరూ కూర్చోమనకముందే మొదలుపెట్టింది.

"మా ఫ్రిజ్‌లల్ల వేడి ఎంతున్నదో చూసేది మీ సర్వరే గదా? స్క్రీన్ మీద నాలుగు డిగ్రీలున్నది. పొద్దున మా టెక్నీషియన్ తలుపు తీసి చెయ్యి పెడ్తే లోపల వెచ్చగున్నది. రాత్రి కరెంటు పోయొచ్చినంక కంప్రెసర్ నడువనే లేదు. వేడెక్కితే మాకు ఫోన్ రావాలె గదా, ఒక్క ఫోనన్న మోగలే. వెనకకు పోయి చూస్తే ఆదివారం నించి అదే నాలుగు. కదలలే, మెదలలే."

సిద్ధరాములు కుర్చీలోంచి లేచాడు. "రక్తం?"

"ఆ ఫ్రిజ్‌ల ఉన్నదంత పారేయాలె. ఇయ్యాల ఒక పసిదానికి ఎక్కియ్యాల్సి ఉండె. నెలనెలా ఎక్కిస్తేనే బతికే పిల్ల. దాని తల్లిని ఆటోల ఇంకో రక్తనిధికి తోలిన. ఆల్ల దగ్గర దొర్కింది. దొర్కకుంటే నేను ఆ తల్లికి ఏం చెప్పాలె, మీరే చెప్పుండ్రి."

ఋతుజ అప్పటికే సర్వర్ తెరిచి చూస్తోంది. చూడగానే అర్థమైంది. ఫ్రిజ్‌లో వేడి కొలిచే పరికరం పాతది. దానికి వచ్చింది ఆ పాత భద్రతా పద్ధతి ఒక్కటే. ఆదివారం ఆమె ప్రోగ్రాం ఆ దారి మూసేసింది. పరికరం కొలుస్తూనే ఉంది, పంపుతూనే ఉంది, ఇవతల అందుకునేవాళ్ళు లేరు. కొత్త అంకె రాకపోయేసరికి స్క్రీన్ చివరి అంకెనే పట్టుకుని కూర్చుంది.

తుషార్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరు జేసిన్రు ఇది?" అంది సాక్షి.

"వదినె మూసింది," అన్నాడు తుషార్.

"మూసిన," అంది ఋతుజ. లేచి అతనికి ఎదురుగా నిలబడింది. "అది ఎందుకు తెరిచి ఉన్నదో నీకు ఎర్కేనా?"

అతను తండ్రి వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు.

"ఎర్కే."

"మామయ్య ముంగట అడిగిన. లేదన్నవ్."

"అన్న. నువ్వు బొక్కబోర్ల పడ్తుంటే చూద్దామని అన్న. ఆల్లకు అంకెలు వస్తలేవని ఫోన్ చేస్తరు, నీ ఇజ్జత్ పోతది, బస్, అంతే అనుకున్న. పాత అంకె గట్లనే నిలిచిపోతదని నాకు యాదికి రాలే."

పక్క షెడ్డులో మగ్గాల చప్పుడు గోడలోంచి వస్తూనే ఉంది. అతని చెంప పగలగొట్టాలని ఋతుజకు చెయ్యి లేచింది, కానీ లేచిన చేత్తో బల్ల అంచు పట్టుకుంది. అంత కోపం కిందా ఇంకో సంగతి ముల్లులా గుచ్చుతోంది. దాన్ని సాక్షే బయటికి లాగింది.

"అయ్యో మేడం, మూసేముంగట మీరొక్క ఫోన్ చెయ్యొచ్చు గదా? మా నంబర్ మీ దగ్గర ఉండె గదా?"

"ఉండె," అంది ఋతుజ.

సాక్షి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీ ఇంటి కొట్లాట తెచ్చి మా ఫ్రిజ్‌లల్ల పెట్టిన్రు. నెలాఖరు దాక చూస్త. అప్పటికి సరిగాకుంటే మాదంత తీస్కపోతం." హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

సిద్ధరాములు అరిచే మనిషి కాదు. ఆ రోజూ అరవలేదు.

"ఇయ్యాల నించి ఎవ్వరు ఒక్కలే ఏం ముట్టొద్దు," అన్నాడు. "ఏది మార్చాల్నన్నా రాసుడే. ఒకరు రాస్తే ఇంకొకరు చూసి సరే అనాలె. ఇద్దరూ ఒప్పుకుంటెనే అది సర్వర్లకు పోవాలె. అట్ల చెయ్యొస్తదా బిడ్డా?"

"వస్తది మామయ్యా."

"నేను ఆమెతోని సరే అనిపిచ్చుకోవాల్నా?" అన్నాడు తుషార్.

"ఆమె గూడ నీతోని అనిపిచ్చుకోవాలె. లేకుంటే చెప్పు, షెడ్డుకు తాళమేసి టవళ్ళోల్లకు గోదాముకిస్త. నీ వదినె పడ్తదని చూసినవ్. పడ్డది ఆ పసిపిల్ల తల్లి."

సర్వర్లలోకి నేరుగా దూరే లాగిన్లు ఆ పూటే ఇద్దరివీ తీసేశారు. అవి పోతుంటే తుషార్ మొహం చూసి ఋతుజకు జాలి కలగలేదు. కలగాలేమో అని ఒకసారి అనుకుంది, అంతే.

మొదటి మార్పు రక్తనిధిదే. పాత దారిని మళ్ళీ తెరవాలి. తుషార్ రాసి పంపాడు. కారణం రాయలేదని ఆమె తిప్పి పంపింది. 'కారణం: వదినెకు తెల్వదు గనక' అని రాసి మళ్ళీ పంపాడు. అదీ తిప్పి పంపింది. ఆ పూటంతా రక్తనిధిలో ఒక అమ్మాయి థర్మామీటరు పట్టుకుని ఫ్రిజ్‌ల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. చివరికి మూడోసారి రాశాడు: 'ఫ్రిజ్‌లలో పరికరాలు పాతవి. కొత్తవి వచ్చేదాకా ఈ ఒక్క సర్వర్‌కు, ఆ పరికరాలకు మాత్రమే.' తప్పు దొరుకుతుందేమోనని ఆమె రెండుసార్లు చదివింది. దొరకలేదు. సరే నొక్కింది. కాసేపటికి స్క్రీన్ మీద అంకె కదిలింది.

తర్వాతి మార్పు ఆమెది. పరికరం నుంచి కొత్త అంకె రావడం ఆగిపోతే స్క్రీన్ పాతది చూపించకూడదు, వెంటనే ఫోన్లు మోగాలి. తుషార్ దాన్ని ఒక అక్షరం తేడా పట్టుకుని తిప్పి పంపాడు, సరిచేసి పంపితే ఇంకో అక్షరం పట్టుకున్నాడు. ఆమె పళ్ళు కొరుక్కుంటూ సరిచేసింది. ఇంకోసారి, సర్వర్లన్నిటికీ పోవలసిన ఒక పెద్ద మార్పు రాసి పంపింది. దాన్ని ఆమె పుణెలో లెక్కలేనన్నిసార్లు చేసింది. అతను తిప్పి పంపుతూ కింద రాశాడు: 'ఇది పోతే అన్నిటి బ్యాకప్‌లు ఆగుతయి. చూస్కోలేదా?'

చూసుకోలేదు. అతను చెప్పింది నిజం. పుణెలో అయితే ఋతుజ థాంక్స్ అని రాసేది. ఇక్కడ ఏమీ రాయకుండా సరిచేసి పంపింది. అతనూ ఏమీ రాయకుండా సరే నొక్కాడు.

అలా తిట్టుకుంటూ, తిప్పి పంపుకుంటూ ఉండగానే తుషార్ తలలో ఉన్నవన్నీ ఒకటొకటే బయటికి వచ్చాయి. ఆమె మీద దయతో కాదు. రాయనిదాన్ని ప్రోగ్రాం తుడిచేస్తుంది, వేరే దారి లేదు. ఈ కాలేజీ గడియారం ఎందుకు వేరు, ఆ నర్సింగ్ హోమ్‌కు ఆ దారి ఎందుకు, అన్నీ కారణంతో సహా రాయక తప్పలేదు. నెలాఖరు దగ్గరపడేసరికి షెడ్డులోని సర్వర్లన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. ఎక్కడైనా తేడా ఉంటే, ఎందుకుందో ఎవరైనా చదువుకోవచ్చు. సిద్ధరాములు రోజూ వచ్చి పచ్చటి స్క్రీన్ చూసి పోయేవాడు, కొడుకునూ కోడలినీ మాత్రం చూసేవాడు కాదు.

ఇంట్లో ఏమీ బాగుపడలేదు. తుషార్ ఇప్పటికీ తల్లి వడ్డిస్తేనే తింటున్నాడు. ఊరి నుంచి వచ్చిన మహేశ్ భోజనాల దగ్గర, "ఇగ అయిపోయింది గదా, కలిసిపోండ్రి" అన్నాడు. "నీకేం తెలుసు" అని తమ్ముడూ పెళ్ళామూ ఒక్కసారే అతని మీద పడ్డారు. ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నది ఆ ఒక్కసారే.

నెలాఖరున రక్తనిధికి కొత్త పరికరాలు వచ్చాయి. పాత దారిని మూసే మార్పును ఈసారి తుషారే రాశాడు, ఋతుజ ఒప్పుకుంది. తన కళ్ళ ముందు పరీక్ష చెయ్యాల్సిందేనని సాక్షి పట్టుబట్టింది. ఋతుజ రక్తనిధికి వెళ్ళింది. తుషార్ షెడ్డులో స్క్రీన్ ముందు, ఫోన్‌లో. ఖాళీ ఫ్రిజ్ ఒకటి చూపించి సాక్షి తలుపు బార్లా తెరిచింది. తన ఫోన్ టేబుల్ మీద పెట్టి చేతులు కట్టుకుంది.

ఋతుజ తన ఫోన్‌లో అంకెలు చూస్తోంది. నాలుగు ఐదయింది. ఐదు మెల్లగా ఆరు దాటింది. సాక్షి ఫోన్ మోగలేదు. ఆమె కనుబొమ్మలు పైకి లేచాయి.

"తుషార్, ఆరు దాటింది. మోగలే," అంది ఋతుజ.

"దాటి అట్లనే నిలబడితే మోగుతది. ఊకె తలుపు తీసి మూస్తే మోగకుండ పెట్టింది నువ్వే. రాసింది యాదికి లేదా? ఆగు."

ఆగారు. ఫ్రిజ్‌లోంచి చల్లగాలి ఆమె కాళ్ళ మీదికి జారుతోంది. సాక్షి ఫోన్ టేబుల్ మీద గిరగిరా తిరుగుతూ మోగింది. గోడకున్న గంట కూడా మోగింది. అవతల గదిలోంచి టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి, ఏమీ కాలేదని తెలుసుకుని నిలబడిపోయాడు.

"మోగింది," అంది ఋతుజ.

"ఇక్కడ గూడ వచ్చింది. తలుపు మూయ్ ఇగ." తుషార్ ఫోన్ కట్ చేశాడు.

సాక్షి గంట ఆపి ఆమె వైపు తిరిగింది. "మీరిద్దరు ఎప్పుడన్న మంచిగ మాట్లాడుకుంటరా?"

"లేదు," అంది ఋతుజ, ఫ్రిజ్ తలుపు నెట్టి మూస్తూ. "గని ఆ కొట్లాట ఇగ మీ ఫ్రిజ్ దాక రాదు. మమ్మల్ని దాటి ఏదీ రాదు."

సాక్షి నవ్వలేదు. "వచ్చే నెల గూడ తలుపు తెరిచి చూస్త. చెప్పకుండ తెరుస్త," అంది. వాళ్ళు షెడ్డును వదిలిపోవడం లేదని ఋతుజకు అలా తెలిసింది.

కొంతం చౌక్‌లో ఆటో కోసం నిలబడి ఉండగా ఆమె ఫోన్‌లో సందేశం మెరిసింది. పొద్దున తను రాసి పంపిన మార్పును తుషార్ తిప్పి పంపాడు. కింద పొడుగ్గా కారణం రాశాడు. ఎండలో కళ్ళు చికిలించి మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఈసారి తప్పు అతనిదే. ఎదురుగా ఆగిన ఆటోవాడిని చేత్తో పొమ్మని, చౌక్‌లో ఒక దుకాణం నీడలోకి జరిగి, జవాబు టైప్ చెయ్యడం మొదలుపెట్టింది.